చలికి అలవాటు పడేదెవరు?

ఇద్దరూ చలి రుచి చూసినవాళ్లే. ఒకాయన శ్రీకాకుళం జిల్లా నుంచి పట్టాళంలోకి వెళ్లి, తొంభైల్లో సియాచిన్ మీద, ఆ తర్వాత ద్రాస్ వైపు పనిచేసి, సుబేదారుగా రిటైరై ఇప్పుడు జీడితోట చూసుకుంటున్నాడు. రెండో మనిషి ఆయన అక్క కూతురు, అంటే మేనకోడలు. పెళ్లయి కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటోంది. దసరాకి వచ్చింది. మార్చి నెల మధ్యలో ఆమెకి రెండో కాన్పు. తల్లిని జనవరిలోనే తీసుకెళ్లిపోతానంటుంది. చలి తగ్గాక మార్చిలో పంపుతాను, అంతకుముందు వీల్లేదంటాడు మావయ్య. పక్కింటివాణ్ణి కాబట్టి నేనూ అక్కడే కూర్చున్నాను. వెళ్లవలసిన పెద్దావిడ లోపల ఉన్నారు. ఈ చర్చలోకి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

మావయ్య: మైనస్ 40 మాకు మామూలే అన్నావు చూడమ్మా, అక్కడే నాకు తేడా వచ్చింది. ఎలా మామూలవుతుంది? ఇంట్లోంచి కార్లోకి, కార్లోంచి ఆఫీసులోకి. మధ్యలో చలి నీకు తగిలేది ఒక నిమిషం. దాన్ని చలిలో బతకడం అనరు.

కోడలు: వెళ్లిన కొత్తలో నాకు కారెక్కడిది మావయ్యా? బస్సే. తెల్లారకముందే స్టాపులో నిలబడేదాన్ని. గుమ్మం దాటి మొదటి ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిర్రబిగుస్తాయి. కళ్లు ఆర్పితే పై రెప్ప వెంట్రుకలు కింది రెప్పకి అతుక్కుంటాయి. మఫ్లర్ లోంచి పైకొచ్చిన ఊపిరి కళ్లజోడు మీద గడ్డకట్టి, దారి కనపడదు. తీసి జేబులో పెట్టుకుందామంటే చెయ్యి బయటికి తియ్యాలి. మంచు మీద అడుగు చప్పుడు కూడా మారిపోతుంది తెలుసా? మైనస్ 5లో మెత్తగా అణుగుతుంది. మైనస్ 30లో కీచుమంటుంది. ఫోన్ చూడకుండా ఆ చప్పుడు విని ఇవాళ ఎంత చలో చెప్పేదాన్ని.

మావయ్య: ఆ కీచు నాకూ తెలుసు. సరే, బస్సు రాలేదనుకో. ఏం చేసేదానివి?

కోడలు: స్టాపుకి అద్దాల గది ఉంటుంది. కొన్నింటికి లోపల హీటరుంటుంది. అదీ లేకపోతే రోడ్డుకి అవతల కాఫీ కొట్టు.

మావయ్య: అదీ సంగతి. నీకు అవతల కాఫీ కొట్టుంది. మాకు అవతల ఇంకో పోస్టుంది, మధ్యలో గ్లేసియర్. ఒకే తాడుకి వరసగా కట్టుకుని నడుస్తాం, ఎందుకంటే కొత్త మంచు కింద ఎక్కడ బీట ఉందో కనపడదు. ఒకడు పడితే మిగతావాళ్లు ఆపాలి. వాతావరణం చెడితే అవతలికీ వెళ్లలేం, వెనక్కీ రాలేం. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సియాచిన్ మీదికి ఆపరేషన్ మేఘదూత్ మొదలుపెట్టిన నాటి నుంచి అక్కడ తూటాకి పోయినవాళ్ల కన్నా చలికి, ఎత్తుకి, మంచుచరియలకి పోయినవాళ్లే ఎక్కువ. 2003 నవంబరులో కాల్పులు ఆపుకున్నాం. చావులు ఆగాయా? 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద చరియ పడి పదిమంది దాని కింద ఉండిపోయారు. వాళ్లలో మన కర్నూలు జిల్లా కుర్రాడొకడు. ఒక్క కర్ణాటక జవాను ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటపడ్డాడు, అతనూ దక్కలేదు.

కోడలు: నీది చలి ఒక్కటే కాదు కదా మావయ్యా, ఎత్తు కూడా. 20,000 అడుగుల మీద గాలిలో ప్రాణవాయువు ఇక్కడ ఉన్నదాంట్లో సగం కూడా అందదు. విన్నిపెగ్ బల్లపరుపు మైదానం. ఆ రెంటికీ పోలిక పెట్టి మా అమ్మని ఆపేస్తే ఎలా?

మావయ్య: ఎత్తుకి అలవాటు పడతాం, అదే నేను చెప్పేది! లేహ్‌లో దిగగానే మమ్మల్ని పైకి పంపరు. ముందు ఆరు రోజులు అక్కడే కూర్చోబెడతారు, తర్వాత ఇంకొంచెం పైన నాలుగు రోజులు, ఆ పైన ఇంకో నాలుగు. అప్పటికి రక్తం మారుతుంది, ఊపిరి మారుతుంది. చలికి అలాంటి మెట్లేవీ లేవు. ఎన్నాళ్లున్నా చలి చలే. మొదటి రోజు వేళ్లు ఎంతసేపట్లో తిమ్మిరెక్కాయో ఆఖరి రోజూ అంతే. నేర్చుకునేది ఒకటే, దాని చేతికి చిక్కకుండా ఉండడం.

కోడలు: పూర్తిగా అలా కాదు. కెనడాలో గాస్పే అనే చోట చన్నీళ్లలో వలలు లాగే జాలరుల చేతుల మీద శాస్త్రవేత్తలు పరిశీలనలు చేశారు. మామూలు వాళ్ల చేతుల కన్నా వాళ్ల చేతులు చల్లటినీళ్లకి బాగా ఓర్చుకున్నాయి. ఐసునీళ్లలో వేలు పెడితే రక్తనాళాలు ముందు మూసుకుపోతాయి, కాసేపటికి తెరుచుకుని కొంచెం వేడి రక్తం పంపి మళ్లీ మూసుకుంటాయి. చలిదేశాల్లో తరతరాలుగా ఉన్నవాళ్లకి అది తొందరగా జరుగుతుంది, మనలాంటివాళ్లకి ఆలస్యంగా.

మావయ్య: ఆలస్యంగా అన్నావు కదా? మరి అరవై దాటాక మొదటిసారి మంచు చూడబోయే మీ అమ్మకి?

(ఇక్కడ మావయ్యకి ఒక మార్కు ఎక్కువ వేసుకున్నాను. అయితే కోడలు తగ్గలేదు.)

కోడలు: అమ్మ చేతులు చలికి అలవాటు పడాలని నేను అనలేదు. అలవాటు పడింది మా ఊరు. నీళ్ల పైపులు భూమిలో అంత లోతున ఎందుకు వేస్తారు? నేల గడ్డకట్టేది అంత లోతుకి కాబట్టి. 2014లో చలి అంతకన్నా లోతుకి దిగి పైపులు గడ్డకట్టాయి. చాలా ఇళ్లకి వారాల తరబడి నీళ్లు లేవు. కొళాయి సన్నధారగా రాత్రింబవళ్లు వదిలేసి ఉంచండి, బిల్లు సంగతి మేం చూసుకుంటాం అని కార్పొరేషనే చెప్పింది. కార్ల ముందునుంచి కరెంటు ప్లగ్గు వేలాడుతుంటుంది, రాత్రి గోడకి గుచ్చితే ఇంజను వేడిగా ఉంటుంది. మొదటిసారి చూసి అన్నీ కరెంటు కార్లే అనుకున్నాను. ఊరి మధ్యలో భవనానికీ భవనానికీ గాజు వంతెనలున్నాయి, కోటు వేసుకోకుండానే ఒక ఆఫీసునుంచి ఇంకో ఆఫీసుకి నడిచిపోవచ్చు. ఒంటికి అలవాటు కాలేదు, నిజమే. ఊరికి అయింది.

మావయ్య: అంటే డబ్బుకి అయింది.

కోడలు: నీ సియాచిన్ ఉచితమా? ఒక్కో కిరసనాయిలు డబ్బా చీతా హెలికాప్టర్‌లో పైకి వచ్చేది కాదూ? పోస్టులో బుఖారీ పొయ్యి ఎందుకు వెలిగించుకున్నావు? నువ్వూ హీటరు పక్కనే బతికావు మావయ్యా. మా ఇల్లు పెద్దది, నీ గుడారం చిన్నది, అంతే తేడా.

మావయ్య నవ్వాడు. ఒప్పుకున్నాడని కాదు. బుఖారీ పేరెత్తగానే ఆయనకి ఇంకేవో గుర్తొస్తాయి.

మావయ్య: ఆ బుఖారీ మసి నీకేం తెలుసు! మూడు నెలలు మూసిన గుడారంలో కిరసనాయిలు పొగ. పొద్దున్న ఉమ్మేస్తే నల్లగా పడేది. కిందికి దిగాక కూడా కొన్నాళ్లు అంతే. ఆకలి ఉండదు. బత్తాయి పండు తినాలంటే సుత్తితో కొట్టాలి. టూత్‌పేస్టు చంకలో పెట్టుకుని వేడిచేస్తే గాని బయటికి రాదు. ఇవన్నీ సరదాగా చెప్పుకునే సంగతులు. సరదా లేనిది ఒకటి చెప్తాను.

మా బంకర్లో ఒక కేరళ కుర్రాడుండేవాడు. చురుకైనవాడు. ఒక సాయంత్రం స్టవ్ నాజిల్ మూసుకుపోయింది. పిన్నుతో పొడవాలి. మూడు జతల గ్లవ్స్‌లో పిన్నేం దొరుకుతుంది? కుడిచేతివి తీసేశాడు. పిన్ను పొడుస్తుంటే ట్యాంకు మూత వదులై కిరసనాయిలు వేళ్ల మీద ఒలికింది. నీళ్లయితే సున్నా దగ్గరే గడ్డకడతాయి. కిరసనాయిలు అలా కాదు, బయట మైనస్ 30 ఉంటే అదీ మైనస్ 30లో నీళ్లలాగే ఉంటుంది. ఒంటి మీద పడిందంటే మైనస్ 30 నేరుగా చర్మం మీద పోసినట్టే. వాడు అరవలేదు. నొప్పి లేదు కదా! వేళ్ల కొసలు తెల్లగా, మైనం పూసినట్టయ్యాయి. గోటితో నొక్కితే టక్కుమని చప్పుడు.

కోడలు: మంచుతో రుద్దారా?

మావయ్య: పాతకాలం వాళ్లు రుద్దేవారు. నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనక్కొచ్చేటప్పుడు అతని డాక్టరు రాసిన పద్ధతట, ఆ తర్వాత వందేళ్లకి పైగా అందరూ గుడ్డిగా అదే చేశారు. రుద్దితే లోపలి మంచుపలుకులు మాంసాన్ని కోసేస్తాయి. మాకు నేర్పింది వేరు. చెయ్యి ముంచితే హాయిగా ఉండే వేడి, 37 నుంచి 39 డిగ్రీల నీళ్లు, అందులో పెట్టాలి. అయితే దానికో షరతు. మళ్లీ గడ్డకట్టదని నమ్మకం ఉంటేనే కరిగించాలి. కరిగించి మళ్లీ చలిలోకి తీసుకెళ్తే అసలు కరిగించకపోవడమే మేలు. అవతల పొద్దున్న హెలికాప్టర్ వస్తుందో రాదో తెలియదు. ఆ రాత్రి మేం చేసిన పని, అది తేల్చుకోవడం.

కోడలు: వచ్చిందా?

మావయ్య: మధ్యాహ్నానికి వచ్చింది. ఆస్పత్రిలో వెంటనే కొయ్యరు. ఏది బతుకుతుందో ఏది పోతుందో తేలేదాకా వారాల తరబడి ఆగుతారు. రెండు వేళ్ల కొసలు నల్లబడి ఎండిపోయాయి. తర్వాత ఉత్తరం రాశాడు, ఎడం చేత్తో. అందుకే అంటున్నాను. చలికి అలవాటు పడ్డాను అనుకున్నవాడే గ్లవ్ తీస్తాడు. కొత్తవాడు భయంతో తియ్యడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లోపలినుంచి అక్కగారు జీడిపప్పు ఉప్మా పంపించారు. తిన్నాక కోడలు మళ్లీ అందుకుంది.

కోడలు: ఇంతకీ మైనస్ 40 అంటే నీకు కోపం ఎందుకొచ్చింది? నేను ఫోటో పెట్టిన రోజు అసలు ఉష్ణోగ్రత మైనస్ 25. దానికి గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైంది. ఒంటికి తెలిసేది మైనస్ 39.

మావయ్య: అదిగో ఫీల్స్ లైక్! మైనస్ 25ని మైనస్ 40 చేసి ఫోటో పెట్టుకోడం. మాకు థర్మామీటర్ ఎంత చూపిస్తే అంతే.

కోడలు: ఫోటో కోసం కాదు. అమెరికా వాళ్లు ఇద్దరు అంటార్కిటికాలో 1940 దాటాక కనిపెట్టిన లెక్క అది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి గాల్లో వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూశారు. అది మనిషి చర్మం కాదు, కాబట్టి లెక్క ఎక్కువ చూపించేది. 2001లో కెనడా, అమెరికా కలిసి దిద్దుకున్నాయి. ఇప్పుడు మనుషుల ముఖాల మీద పరీక్షించి చేసిన లెక్క. అది మైనస్ 28 దాటితే కప్పని చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 దాటితే ఐదు నుంచి పది నిమిషాలు. మైనస్ 48 దాటితే రెండు నుంచి ఐదు. అందుకే బళ్లో పిల్లల్ని ఆటకి బయటికి పంపాలా వద్దా అన్నది ఆ అంకె చూసి తేలుస్తారు. మావాడికి ఐదేళ్లు. పొద్దున్నే వాడు అడిగే మొదటి మాట, అమ్మా ఇవాళ బయట ఆటా లోపల ఆటా అని.

మావయ్య: గాలి అంకె ఎందుకు తెలియాలో నాకూ తెలుసు. రిడ్జి మీద గాలి లేచిందంటే సెంట్రీ డ్యూటీ గంటల్లోంచి నిమిషాల్లోకి వచ్చేది. సరే, ఆ అంకె ఒప్పుకుంటాను. కాని నిమిషాల లెక్క ఎవరికి చెప్తున్నారు? పక్కన తలుపున్నవాడికి. తలుపు లేనివాడికి ఐదు నిమిషాలైతేనేం, పది అయితేనేం?

(నా మట్టుకు చూస్తే, అసలు విషయం ఇక్కడే బయటపడింది. ఇంతదాకా ఇద్దరూ ఎవరి చలి పెద్దదని మాట్లాడుకున్నారు.)

కోడలు: అది మాకు మాత్రం తెలియదనుకున్నావా? మా ఊరికి దక్షిణంగా వంద కిలోమీటర్లలో ఎమర్సన్ ఉంది, అమెరికా సరిహద్దు. 2022 జనవరి 19న అక్కడ పొలాల్లో ఒక గుజరాతీ కుటుంబం దొరికింది. భార్య, భర్త, పదకొండేళ్ల పాప, మూడేళ్ల బాబు. దొంగదారిన అమెరికా దాటిస్తామన్నవాళ్లు రాత్రి మంచు తుఫానులో వదిలేశారు. సరిహద్దుకి పన్నెండు మీటర్ల ఇవతల నలుగురూ గడ్డకట్టి ఉన్నారు. ఆ రాత్రి గాలితో కలిపి మైనస్ 35 ప్రాంతం. అదే రాత్రి నేను ఇంట్లో దోసెల పిండి పులవడం లేదని అవెన్‌లో దీపం వేసి లోపల పెట్టాను. నాకు అది బాగా గుర్తు. ఆ వారం మా తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరూ చలి గురించి జోకులు వెయ్యలేదు.

మావయ్య: మూడేళ్లవాడా...

కోడలు: ఇంకోటి విను, ఇది నా పక్షానికి పనికొచ్చేది కాదు. మాకు పక్క రాష్ట్రం లాంటిది సస్కాచివాన్, అందులో సస్కటూన్ అని ఊరుంది. అక్కడి పోలీసులు ఆదివాసీ మనుషుల్ని కార్లో ఎక్కించుకుని చలికాలం రాత్రి ఊరి బయట దింపేసి వచ్చేవారు. 1990లో పదిహేడేళ్ల కుర్రాడు అలా శవమై దొరికాడు. ఎన్నో ఏళ్లకి గాని న్యాయ విచారణ జరగలేదు. అది జరిగి, ఆ రాత్రి ఆ పిల్లవాడు ఇద్దరు పోలీసుల అదుపులో ఉన్నాడని తేలి, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. 2000 జనవరిలో ఇంకొకణ్ణి దింపేశారు, మైనస్ 20 కన్నా చల్లటి రాత్రి, ఒంటి మీద సరైన కోటు కూడా లేదు. అతను కనపడ్డ దీపాల వైపు నడిచి ఒక కరెంటు ఉత్పత్తి కేంద్రం తలుపు బాదాడు. లోపల కాపలా మనిషి విని తలుపు తీశాడు. అతను బతికి నోరు విప్పబట్టే ఈ సంగతులన్నీ ప్రపంచానికి తెలిశాయి. దింపిన ఇద్దరికీ ఎనిమిది నెలల జైలు పడింది.

మావయ్య: మరి మీ ఊరికి చలి అలవాటైందన్నావు?

కోడలు: అవును, అంటాను. అలవాటైన ఊరు కాబట్టే చలి ఏం చేస్తుందో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లలో కాపాడేవాళ్లూ ఉంటారు, దాన్ని వాడుకునేవాళ్లూ ఉంటారు. అదే దేశంలో క్యుబెక్‌లో ఒక నియమముంది. డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా బిల్లు కట్టకపోయినా ఇంటి కరెంటు కొయ్యడానికి వీల్లేదు. టొరంటోలో చలికాలంలో అద్దెయిల్లు 21 డిగ్రీల కన్నా చల్లబడితే ఇంటి యజమానిది తప్పు. మన పాడేరు వైపు గిరిజన హాస్టళ్లలో పిల్లలకి వేణ్ణీళ్లుంటాయా? డిసెంబరులో చన్నీళ్లతోనే స్నానం, బండ మీదే పడక, పలచటి దుప్పటి. లంబసింగిలో మంచు చూడ్డానికి కార్లేసుకుని పోతాం. అదే మంచులో ఆ పిల్లలకి స్వెట్టరుందో లేదో ఎవరికి పట్టింది?

మావయ్య: అది నిజమే. నేను కూడా ఒకటి చూశాను. లడాఖ్‌లో పల్లె ఇంటికి వెళ్తే ఇంట్లో అన్ని గదులూ చల్లగానే ఉంటాయి. చలికాలమంతా ఒక్క వంటగదిలోనే కాపురం. పొయ్యి చుట్టూ ముసలాయన, కోడలు, పిల్లలు, అతిథి అందరూ. కింద పశువులు. కిటికీలు ఎండ వచ్చే దక్షిణం వైపే. వాళ్లు ఇంటిని వేడి చెయ్యరు, మనుషుల్ని ఒకచోట పోగేసుకుంటారు. మేం ఆ ఇళ్ల ముందు డ్యూటీకి పోతుంటే పిలిచి ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చేవారు. మా సామాను పోస్టులకి మోసిన పోర్టర్లు నుబ్రా లోయవాళ్లే. మాకున్నంత బట్ట వాళ్లకి లేదు. నువ్వు అడక్కముందే నేనే చెప్తున్నాను.

కోడలు: అడగబోతున్నాను.

మావయ్య: తెలుసు.

ఇక్కడితో రాజీ కుదిరిందని నేను కుర్చీలోంచి లేవబోయాను. తొందరపడ్డాను.

మావయ్య: అయినా అక్క జనవరిలో వెళ్లదు. ఒక్క పగలంతా విమానంలో కూర్చుని దిగగానే మైనస్ 30 ముఖాన కొడితే గుండె ఏమవుతుంది? మార్చి మొదటికి పంపుతాను. కాన్పుకి రెండు వారాల ముందు చాలు.

కోడలు: అమ్మకి నేను భయపడేది చలికి కాదు మావయ్యా. రెండింటికి. ఒకటి చీకటి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మావాడు బడి నుంచి వచ్చేసరికి వీధిదీపాలు. ఇంట్లో వేడిగానే ఉంటుంది, గాలి మాత్రం ఎండిపోయి పెదాలు పగులుతాయి, తలుపు గుబ్బ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కిటికీలోంచి చూస్తే ఒక్క మనిషి కనపడడు. వచ్చిన మొదటి ఏడాది నేను ఏడ్చింది చలికి కాదు, ఆ నిశ్శబ్దానికి. జనవరి నెలాఖరు నుంచి పగలు పెరుగుతుంది. ఎండ కాస్తుంది, మంచు మీద పడి కళ్లు చెదిరేంత వెలుతురు. బాగా చలి ఉన్న పొద్దున్న సూర్యుడికి అటొకడు ఇటొకడు ఇద్దరు బొమ్మ సూర్యులు వస్తారు, గాల్లో మంచు పలుకుల మీద వెలుతురు విరిగి. అమ్మ చూడాలి అది. నది గడ్డకడితే దాని మీద దారి చదునుచేసి ఊరంతా స్కేటింగ్ చేస్తుంది. మావాడు కుర్చీని తోసుకుంటూ నేర్చుకున్నాడు.

మావయ్య: రెండోది?

కోడలు: మార్చి.

మావయ్య: మార్చికేమైంది?

కోడలు: జనవరిలో మంచు గట్టిగా, పొడిగా ఉంటుంది, కాలు నిలుస్తుంది. మార్చిలో పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. పొద్దునకి కాలిబాట అంతా అద్దం, దాని మీద సన్నటి నీటి పొర. నేను పనిచేసే ఆస్పత్రికి మణికట్లు, తుంట్లు విరిగి వచ్చే పెద్దవాళ్లని చూశాక చెప్తున్నాను. అమ్మ వయసులో తుంటి విరిగితే ఆ తర్వాత కథ నీకు నేను చెప్పాలా? నువ్వు చలి తగ్గాక అంటున్న రోజులే మాకు భయం. జనవరిలో వస్తే రెండు నెలలు అక్కడి నేల మీద అడుగు వెయ్యడం నేర్చుకుంటుంది. పెంగ్విన్‌లా నడవాలి, చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా.

మావయ్య చాలాసేపు ఆలోచించాడు. పట్టాళపు మనిషికి వాదన కన్నా భూమి మీది వివరం ఎక్కువ పని చేస్తుందని నాకు చాలాకాలంగా తెలుసు.

మావయ్య: చేతులు జేబుల్లో పెట్టుకోకూడదంటే, గ్లవ్స్ ఎలాంటివి కొంటున్నావు?

కోడలు: మంచివే. వేళ్లవి.

మావయ్య: వేళ్లవి వద్దు. నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి తీసుకో, ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది. లోపల పలచటి ఊలువి ఒక జత. నూలు ఏదీ ఒంటికి తగలకూడదు, చెమట పడితే అదే ఐసు. అక్క చీరే కడతానంటుంది.

కోడలు: కట్టనీ. చీర కింద ఊలు పైజమా వేయిస్తాను. మా వీధిలో పెద్దాళ్లు చాలామంది అంతే.

మావయ్య: బూట్లు?

కోడలు: అక్కడే కొంటాను. అడుగున గుచ్చుకునే ముళ్లు తగిలించుకునేవి దొరుకుతాయి.

మావయ్య: అక్కడ దిగేదాకా? విమానాశ్రయంలోంచి కారుదాకా చెప్పులేసుకుని నడుస్తుందా? నా దగ్గర ఉన్నవి...

కోడలు: మావయ్యా, నీ పాత పట్టాళం బూట్లు అమ్మ కాలికి నాలుగంగుళాలు పెద్దవి.

మావయ్య: మూడు జతల ఊలు మేజోళ్లు వేస్తే సరిపోతాయి.

కోడలు: మేజోళ్లు ఎక్కువైతే బూటు బిగుస్తుంది, రక్తం ఆడదు, కాలు ఇంకా తొందరగా చల్లబడుతుంది. అది నువ్వు చెప్పవలసిన మాట!

మావయ్య: బిగుసుకుంటే కదా! నాలుగంగుళాల ఖాళీలో ఎక్కడ బిగుస్తుంది?

అప్పటికి చీకటి పడుతోంది. లోపలినుంచి అక్కగారు వచ్చి గుమ్మంలో నిలబడి, పాస్‌పోర్టు ఫోటోకి తెల్లచీర కట్టాలా రంగుది కట్టాలా అని కూతుర్ని అడిగారు.